ముక్కులో స్టాఫ్ ఆరియస్ స్టడీ: వార్డు పేషెంట్ల కంటే మా బ్యాచ్ వాళ్లకే ఎక్కువ పాజిటివ్ వస్తోంది, ఎక్కడ తేడా కొడుతోంది?

సెకండియర్_ఎంబీబీఎస్:
అందరికీ నమస్తే. ఐసీఎంఆర్ ఎస్‌టీఎస్ (మెడికల్ స్టూడెంట్లకి ఇచ్చే చిన్న రీసెర్చ్ స్కీమ్) ప్రాజెక్టుకి ముక్కులో స్టెఫైలోకాకస్ ఆరియస్ (స్టాఫ్ ఆరియస్) బ్యాక్టీరియా క్యారేజ్, అంటే ఇన్ఫెక్షన్ లేకుండానే అది ముక్కులో ఉండటం, అనే టాపిక్ తీసుకున్నాను. మెడిసిన్, సర్జరీ వార్డుల పేషెంట్లు 100 మంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు 100 మంది అని ప్రపోజల్‌లో రాశాం. పొడి కాటన్ స్వాబ్‌తో ఒక ముక్కు రంధ్రంలోంచి శాంపిల్ తీసి, మ్యానిటాల్ సాల్ట్ అగర్ (ఎంఎస్‌ఏ, ఉప్పూ మ్యానిటాల్ అనే చక్కెర లాంటి పదార్థమూ కలిపిన కల్చర్ ప్లేట్) మీద గీసి, 24 గంటలకు పసుపు కాలనీలుంటే పాజిటివ్ అనుకుంటున్నాం. ఎథిక్స్ కమిటీ అనుమతితో పైలట్‌గా కొన్ని తీస్తే వార్డు వాళ్లలో తక్కువ, మా బ్యాచ్ వాళ్లలో ఎక్కువ వచ్చింది. అది తిరగబడి ఉండాలి కదా? స్వాబ్ తీయడంలో తప్పా, ప్లేట్ చదవడంలో తప్పా?

ఇంకొకటి. పాజిటివ్ వచ్చిన ఆరోగ్యవంతులకి మ్యుపిరోసిన్ (ముక్కులో పెట్టే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్) రాసివ్వాలా? కమిటీ కూడా ఇదే అడిగింది.

అగర్‌ప్లేట్:
తిరగబడాల్సిన పనేం లేదు. ఏ రోజు చూసినా ఆరోగ్యవంతుల్లో దాదాపు 30 శాతం మంది ముక్కులో ఆరియస్ ఉంటుంది. అది ఆస్పత్రిలో మాత్రమే అంటుకునేది కాదు. వార్డులో చాలామందికి అప్పటికే సెఫ్ట్రియాక్సోన్ లాంటి యాంటీబయాటిక్ పడుతుంటుంది. మందుకి లొంగే ఆరియస్ అణిగిపోయి కల్చర్‌లో పెరగకపోవచ్చు, లొంగనిది మిగులుతుంది. అంటే మొత్తం పాజిటివ్‌లు తగ్గి, అందులో ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్ రకం మందులకి లొంగని ఆరియస్) వాటా పెరుగుతుంది. కాబట్టి "ఎవరికి ఎక్కువ ఉంది" అనే ఒక్క శాతం పోల్చితే మీ స్టడీలో పస ఉండదు. ఎంఆర్‌ఎస్‌ఏ ఎంత, యాంటీబయాటిక్ ఎప్పటినుంచి పడుతోంది, అడ్మిట్ అయి ఎన్నో రోజు, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూపించాలి.

ఇక మీ పద్ధతిలో లోపాలు లేకపోలేదు.

పొడి స్వాబ్ వద్దు. స్టెరైల్ సెలైన్‌లో తడిపి, ట్యూబ్ గోడకి ఒత్తి నీరు తీసేసి వాడండి. ఒకే స్వాబ్‌తో రెండు రంధ్రాలూ తీయాలి. ఆరియస్ ఉండేది ముక్కు ముందు భాగంలో, వెంట్రుకలుండే చోట. సెంటీమీటరు, మహా అయితే రెండు, లోపలికి పెట్టి గోడకి ఆనించి నాలుగైదు సార్లు తిప్పితే సరిపోతుంది. కోవిడ్ స్వాబ్ అలవాటుతో గొంతు దాకా తోసేవాళ్లున్నారు. అక్కడ మీక్కావలసినది తక్కువ, పేషెంటు తుమ్మి విసుక్కోవడం ఎక్కువ. రెండు గంటల్లోపు ప్లేట్ వేయలేకపోతే ఏమీస్ మీడియంలో (శాంపిల్ పాడవకుండా ల్యాబుకి చేర్చే మీడియం) పెట్టండి.

పసుపు కాలనీ అంటే ఆరియస్ అని రాస్తే వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది. ఎంఎస్‌ఏలో 7.5 శాతం ఉప్పు ఉంటుంది కాబట్టి స్టాఫ్ జాతివన్నీ హాయిగా పెరుగుతాయి. సాప్రోఫైటికస్, హీమోలైటికస్ లాంటివి కూడా మ్యానిటాల్‌ని పులియబెట్టి పసుపు చేయగలవు. మరోవైపు కొన్ని ఆరియస్ స్ట్రెయిన్లు 24 గంటలకు గులాబీగానే ఉండి 48కి పసుపు తిరుగుతాయి. ప్లేట్లు 48 గంటలూ ఉంచండి.

అనుమానం ఉన్న ప్రతి కాలనీనీ బ్లడ్ అగర్ మీదో న్యూట్రియంట్ అగర్ మీదో మళ్లీ పెంచి, గ్రామ్ స్టెయిన్, క్యాటలేజ్ చూసి, ట్యూబ్ కోయాగులేజ్ (ప్లాస్మాని గడ్డ కట్టిస్తుందా అని చూసే టెస్ట్, కట్టిస్తే ఆరియస్) పెట్టాలి. ఎంఎస్‌ఏ కాలనీతో నేరుగా స్లైడ్ కోయాగులేజ్ టెస్ట్ చేయకండి, ఉప్పు వల్ల దానంతట అదే ముద్ద కట్టి పాజిటివ్‌లా కనిపిస్తుంది. ట్యూబ్‌కి ఈడీటీఏ కలిపిన కుందేలు ప్లాస్మా 0.5 ఎంఎల్, అందులో రెండు మూడు కాలనీలు కలిపి 37 డిగ్రీల దగ్గర పెట్టండి. నాలుగు గంటల దాకా గంటగంటకీ మెల్లగా వంచి చూడాలి, కుదపకూడదు. రాత్రి పెట్టి పొద్దున్నే చూద్దామనుకుంటే దెబ్బ తింటారు. కొన్ని స్ట్రెయిన్లలో గడ్డని కరిగించే స్టెఫైలోకైనేజ్ ఉంటుంది, సాయంత్రం కట్టిన గడ్డ తెల్లారేసరికి కరిగిపోయి మీకు నెగటివ్‌గా కనిపిస్తుంది. నాలుగు గంటలకి గడ్డ కట్టనివి మాత్రమే 24 గంటలు ఉంచండి. సిట్రేట్ ప్లాస్మా ఎందుకు వద్దంటే, ఎంటెరోకాకస్ లాంటివి సిట్రేట్‌ని తినేసి గడ్డ కట్టిస్తాయి.

ఎంఆర్‌ఎస్‌ఏకి 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ డిస్క్. 0.5 మెక్‌ఫార్లాండ్, (బ్యాక్టీరియా ద్రావణం చిక్కదనానికి కొలత), ముల్లర్ హింటన్ అగర్, 33 నుంచి 35 డిగ్రీలు, 16 నుంచి 18 గంటలు. జోన్ (డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం) 21 ఎంఎం లేదా తక్కువైతే ఎంఆర్‌ఎస్‌ఏ, 22 నుంచి సెన్సిటివ్. ఇంక్యుబేటర్ 37లో ఉంటే కొన్ని ఎంఆర్‌ఎస్‌ఏలు తప్పించుకుంటాయి. కోయాగులేజ్‌కి 37, ఈ డిస్కుకి 35. ఒకే ఇంక్యుబేటర్ ఉన్న ల్యాబుల్లో ఇక్కడే గాడి తప్పుతారు. ప్రతి బ్యాచ్‌తో ఏటీసీసీ 25923 (సెన్సిటివ్ అని ముందే తెలిసిన ప్రామాణిక ఆరియస్ స్ట్రెయిన్) కూడా పెట్టండి, దాని జోన్ 23–29 మధ్య రాకపోతే ఆ రోజు రీడింగులన్నీ పక్కన పెట్టాల్సిందే.

పీఎస్ఎం_పీజీ:
ల్యాబ్ సంగతి పైన వచ్చేసింది. నాకు కనిపించే అసలు చిక్కు మీ "ఆరోగ్యవంతులు" ఎవరన్నది. మీ బ్యాచ్ రోజూ ఆస్పత్రిలోనే తిరుగుతుంది, పైగా ఒకే హాస్టల్, ఒకే వయసు. వాళ్లు ఊరి జనానికి ప్రతినిధులు కారు. అటెండెంట్లని తీసుకుందామంటే వాళ్లు పేషెంటు మంచం పక్కనే పడుకుంటారు. ఉన్నంతలో మెరుగు రక్తదాన శిబిరాలకి వచ్చేవాళ్లు. గత మూడు నెలల్లో యాంటీబయాటిక్ వాడారా, ఆస్పత్రిలో ఉన్నారా, ఇంట్లో ఆరోగ్య సిబ్బంది ఉన్నారా అని మూడు ప్రశ్నలడిగి, అవునన్నవాళ్లని వదిలేయండి. వయసు, ఆడ మగ నిష్పత్తి పేషెంట్ల గ్రూపుతో సరిపోవాలి.

100, 100 ఎలా వచ్చింది? ఒక గ్రూపులో 25 శాతం, ఇంకో దాంట్లో 35 శాతం అనుకుంటే, ఆ తేడాని 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం) పట్టుకోవడానికి ఒక్కో గ్రూపులో సుమారు 326 మంది కావాలి. సీనియర్ల ప్రాజెక్టుల్లో కనిపించే 4పీక్యూ బై ఎల్ స్క్వేర్ అనే శాంపిల్ సైజ్ ఫార్ములా ఒక గ్రూపు శాతం అంచనా వేయడానికి పనికొస్తుంది, రెండు గ్రూపుల్ని పోల్చడానికి కాదు.

ఎస్‌టీఎస్‌కి దొరికేదే రెండు నెలలు, అంతమంది దొరకరు. నా సలహా డిజైనే మార్చమని. పేషెంటు అడ్మిట్ అయిన 48 గంటల్లోపు, వీలైతే మొదటి యాంటీబయాటిక్ డోసుకి ముందే ఒక స్వాబ్, అదే పేషెంటుకి ఐదో రోజు ఇంకొకటి. మొదటిది ఇంటి నుంచి తెచ్చుకున్నది. మొదటిది నెగటివ్ అయి రెండోది పాజిటివ్ అయితే వార్డులో వచ్చి ఉండొచ్చు. ఎవరికి వాళ్లే పోలిక కాబట్టి మెక్‌నీమార్ టెస్ట్ సరిపోతుంది. ఐదో రోజుకి ముందే డిశ్చార్జ్ అయ్యేవాళ్లు చాలామంది ఉంటారు, ఆ లెక్క ముందే వేసుకుని ఎక్కువమందిని చేర్చుకోండి. షుగర్ ఉండి ఇన్సులిన్ మీదున్నవాళ్లు, డయాలసిస్ పేషెంట్లలో క్యారేజ్ మామూలుగానే ఎక్కువ, వాళ్లని విడిగా చూపించండి.

ఒక్క స్వాబ్ పాజిటివ్ వస్తే "క్యారియర్" అని రాయొద్దు. జనంలో సుమారు 20 శాతం మందిలో ఇది ఎప్పుడూ ఉంటుంది, మరికొందరిలో వస్తూ పోతూ ఉంటుంది. ఎప్పుడూ ఉండేవాళ్లని తేల్చాలంటే వారం తేడాతో కనీసం రెండు స్వాబ్‌లు కావాలి. మీరు కొలిచేది ఆ రోజు పాజిటివ్ అన్నది మాత్రమే, టైటిల్‌లో కూడా అలాగే ఉండాలి.

ఐసీ_సిస్టర్:
మ్యుపిరోసిన్ గురించి. ఆరోగ్యంగా ఉండి, ఏ ఆపరేషనూ లేనివాళ్లకి ఇవ్వొద్దు. కొన్ని నెలల్లో చాలామందికి మళ్లీ వస్తుంది, ఈలోపు మ్యుపిరోసిన్‌కి లొంగని స్ట్రెయిన్లు పెంచినట్టవుతుంది. అవసరమైనవాళ్ల కోసం ఆ మందు దాచుకోవాలి.

అవసరం ఎవరికంటే గుండె ఆపరేషన్, కీలు మార్పిడి లాంటివాటికి వెళ్లే పాజిటివ్ పేషెంట్లకి. రక్తంలో ఆరియస్ ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లని పరిశీలిస్తే, 80 శాతానికి పైగా సందర్భాల్లో రక్తంలోదీ ముక్కులోదీ ఒకటే స్ట్రెయిన్ అని 2001లో జర్మనీ పరిశోధకులు చూపించారు. 2010లో నెదర్లాండ్స్‌లో అడ్మిషన్ సమయంలోనే పాజిటివ్‌లని గుర్తించి మ్యుపిరోసిన్, క్లోర్‌హెక్సిడిన్ సబ్బు ఇస్తే, ఆస్పత్రిలో ఆరియస్ ఇన్ఫెక్షన్లు 7.7 శాతం నుంచి 3.4కి తగ్గాయి.

వాడే తీరు: 2 శాతం నేసల్ ఆయింట్‌మెంట్, అగ్గిపుల్ల తలంత, ఒక్కో రంధ్రంలో, రోజుకి రెండుసార్లు, 5 రోజులు. పెట్టాక ముక్కు రెక్కలు నొక్కి నిమిషం పాటు మర్దన చేయాలి. అదే 5 రోజులూ 4 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో స్నానం. కళ్లలో, చెవుల్లో పోకూడదు. చాలామంది నీళ్లతో కలిపేసి వెంటనే కడిగేస్తారు. తడి ఒంటికి నేరుగా రుద్ది, ఒకటి రెండు నిమిషాలు ఉంచాక కడుక్కోమని చెప్పాలి. చంకలు, గజ్జలు వదిలేయకూడదు. తువ్వాలు, దిండు గలీబు రోజూ మార్చాలి, లేకపోతే చేసిందంతా వృథా.

సెకండియర్_ఎంబీబీఎస్:
థాంక్యూ సార్, థాంక్యూ సిస్టర్. డిజైన్ మార్చడం గురించి గైడ్‌తో మాట్లాడతాను. మా ఫార్మసీలో మ్యుపిరోసిన్ అంటే చర్మానికి రాసే ట్యూబ్ ఒక్కటే ఉంది. ఆపరేషన్ పేషెంట్లకి అది వాడొచ్చా?

ఐసీ_సిస్టర్:
శాతం ఒకటే అయినా బేస్ వేరు. చర్మానికి వాడే ఆయింట్‌మెంట్లు చాలావరకు పాలీఇథిలీన్ గ్లైకాల్‌లో ఉంటాయి, ముక్కు లోపలి పొరకి మంట పుడుతుంది, రెండో రోజుకే పేషెంటు మానేస్తాడు. ముక్కుకి తయారుచేసినది సాఫ్ట్ పారాఫిన్ బేస్‌లో ఉంటుంది. ట్యూబ్ వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, ఇండెంట్ పెట్టే ముందు చూడమనండి.

అగర్‌ప్లేట్:
సిస్టర్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మీకు వచ్చిన ఎంఆర్‌ఎస్‌ఏలన్నిటికీ 200 మైక్రోగ్రాముల మ్యుపిరోసిన్ డిస్క్ కూడా పెట్టండి, పూర్తి 24 గంటలు. జోన్ అసలే లేకపోతే హై లెవెల్ రెసిస్టెన్స్, అలాంటివాళ్లకి ఆయింట్‌మెంట్ పనిచేయదు. ఖర్చు తక్కువ, మీ ఇన్ఫెక్షన్ కంట్రోల్ టీమ్‌కి పనికొచ్చే సమాచారం.

పీఎస్ఎం_పీజీ:
కమిటీకి రాసే జవాబులో "ఆరోగ్యవంతులైన పాజిటివ్‌లకి చికిత్స ఇవ్వము, చేతులు కడుక్కోవడం, ముక్కులో వేళ్లు పెట్టుకోకపోవడం గురించి చెబుతాము, ఏదైనా ఆపరేషన్ ఉంటే సర్జన్‌కి ఈ ఫలితం చూపించమంటాము" అని పెట్టండి. కన్సెంట్ ఫారం తెలుగులో ఉండాలి. వార్డు సిబ్బందినీ స్టూడెంట్లనీ ఎవరినైనా చేర్చుకుంటే ఫలితాల షీట్ మీద పేర్లు వద్దు, కోడ్ నంబర్లే. పేర్ల జాబితా గైడ్ బీరువాలో విడిగా ఉండాలి. ఫలానా సిస్టర్ ముక్కులో ఎంఆర్‌ఎస్‌ఏ ఉందట అన్న మాట వార్డులో పాకిందంటే, తర్వాత మీకు స్వాబ్ ఇచ్చేవాళ్లు దొరకరు.