క్షవరం కత్తి తోలుపట్టీ కింద మెత్తగా ఏం వేయాలి?

అమలాపురం నుంచి:
తాతగారి క్షవరం కత్తి అటక మీద దొరికిందండి. సానరాయి మీద నూరించాను. పదును నిలవడానికి రోజూ కత్తిని తోలు మీద లాగాలి కదా, అందుకని టేకు చెక్క మీద తోలు అంటించి పట్టీ చేసుకున్నాను. పొడవు 12 అంగుళాలు, వెడల్పు 3. తోలు 2 మి.మీ. మధ్యలో పాత యోగా మ్యాట్ ముక్క వేశాను, 8 మి.మీ. ఉంటుంది. మొదట్లో గడ్డం నున్నగా వచ్చింది. రెండు వారాలకే వెంట్రుక తెగక పీకుతోంది. తోలు మంచిది కాదంటారా?

రాజోలు నుంచి:
మ్యాట్ తీసేసి కొబ్బరి పీచు షీటు వేయండి. మన కోనసీమలో దానికి కొదవా?

పాలకొల్లు నుంచి:
పీచు వద్దండీ. పోగులు గట్టిగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఆ గతుకులు పల్చటి తోలు పైకి తేలతాయి. పరుపుకైతే సరే.

అమలాపురం వారూ, మీ తోలు బాగానే ఉంది, తేడా మ్యాట్‌లో ఉంది. కత్తిని పడుకోబెట్టి, వెన్ను ముందు, వాదర (పదునైన అంచు) వెనక ఉండేలా లాగుతాం కదా. కింద మెత్త ఎక్కువైతే కత్తి అందులోకి దిగుతుంది, వెనకే తోలు పైకి లేచి వాదరని చుట్టుకున్నట్టు రాసుకుంటుంది. అలా రోజూ రాసుకుంటే అంచు గుండ్రమైపోతుంది. పదును పెడుతున్నాననుకుంటూ మొద్దు చేసుకుంటున్నారన్నమాట. నేనూ ఓ కత్తిని అలాగే పాడుచేశాను.

అలాగని మెత్త అసలు వద్దనను. ఎంత చిత్రిక పట్టినా చెక్కలో కాస్త తేడా ఉంటుంది, మన చేతిలో ఇంకా ఎక్కువ ఉంటుంది. దాన్ని సర్దేంత ఉంటే చాలు. కొక్కేనికి తగిలించే పట్టీకైతే ఆ సాగుడు దానికదే ఉంటుంది, కింద ఏమీ అక్కర్లేదు. చెక్క పట్టీకి వేసే మెత్త బొటనవేలితో నొక్కితే కొద్దిగా దిగి, తీయగానే లేవాలి. గుంట మిగిలితే ఆ సరుకు పనికిరాదు.

నన్నడిగితే 2 మి.మీ. కార్కు షీటు. ఇంజన్ల గ్యాస్కెట్లకి కోసేది స్పేర్ పార్టుల షాపులో అడగండి. గట్టి ఫైబర్ షీటు ఇస్తే తీసుకోకండి. ఒత్తు ఫెల్ట్ (ఉన్నిని అదిమి చేసే మందపాటి గుడ్డ) కూడా మంచిదే గానీ చెమ్మ పీలుస్తుంది. మొన్న శ్రావణంలో నా ఫెల్ట్ పట్టీకి బూజు పట్టింది.

రాజోలు నుంచి:
పోనీ సైకిల్ ట్యూబు?

పాలకొల్లు నుంచి:
ఒక్క పొరైతే పనికొస్తుందండి. వాల్వు, అతుకు గీత లేని చోట కోసి, లోపలి పౌడరు సబ్బుతో కడిగి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దండి. లేకపోతే అతకదు.

అమలాపురం నుంచి:
అంటించడానికి తెల్ల జిగురు చాలా?

పాలకొల్లు నుంచి:
అది నీళ్ల జిగురు, తోలు తడిసి ఉబ్బుతుంది. చెప్పులు కుట్టేవాళ్లు వాడే సొల్యూషన్ రెండు వైపులా పల్చగా రాసి, వేలికి అంటనంత ఆరాక అతికించండి. అంటిందంటే కదలదు, అందుకని ఒక కొస నుంచి మెల్లగా పరుచుకుంటూ రండి. పైన అప్పడాల కర్ర దొర్లించండి, ఇంట్లో అడిగే తీసుకోండి.

మరిచా, గుండ్రమైన వాదర కొత్త పట్టీతో బాగవదు. ముందు సన్నరాయి మీద పెట్టించాలి. తర్వాత కత్తి బరువే తప్ప చేతి బరువు పడకుండా ఓ 40 సార్లు లాగండి.

అమలాపురం నుంచి:
కార్కు దొరికిందండి. ఏ ఇంజనుకని షాపాయన అడిగితే గడ్డానికన్నాను, వింతగా చూశాడు. బుగ్గల మీద బాగా తెగుతోంది. గవద కింద ఇంకా కొంచెం పీకుతోంది, మళ్లీ రాయి మీదికి వెళ్లాలేమో.