దుమ్మును గోడ అనుకుని ఆగిపోతున్న రోబో: రాడార్ పెట్టమంటారా?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. ఎం.టెక్ ప్రాజెక్టు కోసం మిర్చి చేలో సాళ్ల మధ్య తనంతట తానే నడిచే చిన్న బండి చేస్తున్నాను. అడ్డం ఏముందో చూసేందుకు దానికి లైడార్ (లేజర్ కాంతితో దూరం కొలిచే సెన్సర్) పెట్టాను. కాలేజీ వరండాలో బుద్ధిగానే తిరిగింది. ప్రత్తిపాడు దగ్గర మా బాబాయి చేలో దించాక మొదలైంది అసలు కథ.

నల్లరేగడి ఎండి పొడిపొడిగా ఉంది. పక్క డొంకలో ట్రాక్టర్ వెళ్లిందంటే చాలు, లైడార్ స్క్రీన్ మీద అర మీటరు దూరంలో చుక్కలు గుంపుగా లేస్తాయి, బండి టక్కున ఆగిపోతుంది. దుమ్ము అణగగానే ఆ చుక్కలు మాయం. "దీనికంటే మన ఎడ్లే నయం కదరా" అని బాబాయి నవ్వు. డెప్త్ కెమెరా (చిత్రంలో ప్రతి బిందువుకీ దూరం చెప్పేది) కూడా పెట్టి చూశా, మిట్టమధ్యాహ్నం ఎండకి సగం చిత్రం ఖాళీ.

గనుల్లో ఈ తంటా పాతదే. నా లైడార్ కాంతి తరంగదైర్ఘ్యం 905 నానోమీటర్లు, దుమ్ము రేణువులు అంతకంటే పెద్దవి కాబట్టి దాన్ని వెనక్కి చిమ్ముతాయి. 77 గిగాహెర్ట్జ్ రాడార్ తరంగదైర్ఘ్యం దాదాపు 4 మిల్లీమీటర్లు, దుమ్ములోంచి సులువుగా వెళ్లిపోతుంది. సిడ్నీ యూనివర్సిటీ ఫీల్డ్ రోబోటిక్స్ వాళ్లు గనుల కోసం ఇలాంటి రాడార్ల మీద పనిచేశారు. కానీ అక్కడ ఎదురయ్యేది బండరాయి, నాకేమో లేత మిర్చి కొమ్మ!

చిన్న రాడార్ బోర్డుకి ఆ కొమ్మలు ఆనతాయా? లేక ఒకే కిరణానికి మొదటి ప్రతిఫలనం (దుమ్ముది) వదిలేసి చివరిది (దాని వెనకున్నదానిది) ఇచ్చే లైడార్ కొనడం మేలా? చేతిలో పదిహేను వేలే మిగిలాయి. పొలంలో వాడి చూసినవాళ్లు చెప్పండి. విజయవాడలో ఎవరి దగ్గరైనా రాడార్ బోర్డు ఉంటే, ఒక్కపూట అరువిచ్చినా చాలు, నేనే వచ్చి తీసుకెళ్తా.