మావాడు చురుకే, మార్కులే రాలేదు: ఇంజనీరింగ్ ఆప్షన్లు ఎలా పెట్టాలి?

మధిర అమ్మ
నిన్న రాత్రి నుంచి ఇదే పని. కాలేజీల లిస్టు, మాన్యువల్ ఆప్షన్ ఫారం (ఏ కాలేజీ, ఏ కోర్సు కావాలో వరసగా రాసుకునే కాగితం) ముందేసుకుని కూర్చున్నాం. అన్నీ కోడ్లే, ఏమీ అర్థం కావట్లేదు. మావాడి ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు 31 వేల చిల్లర. ఇంటర్‌లో 1000కి 718. కానీ పిల్లవాడు చాలా చురుకండీ. మా ఎరువుల కొట్టు అరువు ఖాతా మొత్తం వాడే కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఏ రైతు ఎంత బాకీ, పత్తి అమ్మాక కట్టేదెవరు, మిర్చి అమ్మాక కట్టేదెవరు అన్నీ వేరువేరుగా చూపిస్తుంది. యూట్యూబ్ చూసి పైథాన్ నేర్చుకుని చేశాడు. లెక్క ఇస్తే మనసులోనే చేసేసి జవాబు రాస్తాడు, స్టెప్స్ రాయడు. అక్కడే మార్కులు పోయాయన్నారు లెక్చరర్లు. ఇలాంటివాడికి ఏ కాలేజీలు పెట్టాలి? దయచేసి ఒక లిస్టు ఇవ్వండి. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

కౌన్సెలింగ్ కబుర్లు
ఏ రాష్ట్రం ర్యాంకు? కేటగిరీ? సర్టిఫికెట్ వెరిఫికేషన్ అయిందా? ఇవి చెప్పకుండా లిస్టు ఎవరూ ఇవ్వలేరు.

లెక్కల మాస్టారు
అమ్మా, స్టెప్స్ రాయకుండా జవాబు పట్టేసే పిల్లలు నా క్లాసుల్లో ఎంతోమంది ఉండేవారు. వాళ్ళను ఇంజనీరింగ్‌లోకి తోసేయడం మన ఊళ్ళకు పట్టిన జబ్బు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బి.స్టాట్ అనే స్టాటిస్టిక్స్ డిగ్రీ ఉంది, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో గణితం, కంప్యూటర్ సైన్స్ కలిపి డిగ్రీ ఉంది. రెండింటికీ సొంత ప్రవేశ పరీక్షలే. ఇంటర్‌లో తొమ్మిది వందలు దాటలేదని వాళ్ళు వెనక్కి పంపరు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా యూజీఈఈ అనే సొంత పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి పరిశోధన డిగ్రీలో తీసుకుంటుంది. మన తల్లిదండ్రులకు ఈ పేర్లు చెప్పేవాళ్ళే లేరు.

కౌన్సెలింగ్ కబుర్లు
మాస్టారూ, ఇప్పుడు జులై. ఆ పరీక్షలన్నీ అయిపోయాయి.

లెక్కల మాస్టారు
వచ్చే ఏడు రాసే పిల్లల తల్లిదండ్రులు కూడా ఇది చదువుతారు కదండీ. వాళ్ళకు ఇప్పుడే తెలియాలి.

మధిర అమ్మ
మాది తెలంగాణే, బీసీ-డి. వెరిఫికేషన్ స్లాట్ ఎల్లుండి. 31 వేలు ఆంధ్రా ర్యాంకు. వాడు ఇంటర్ విజయవాడ హాస్టల్‌లో చదివాడు కదా, రెండు పరీక్షలూ రాశాడు. తెలంగాణలో 22 వేలు.

నైట్ షిఫ్ట్ తమ్ముడు
అక్కా, ఇది ముందే చెప్పాల్సిన విషయం! ఆంధ్రాలో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. అందుకే అక్కడ ర్యాంకు అంత వెనక్కి పోయి ఉంటుంది. తెలంగాణలో ఆ వెయిటేజీ తీసేశారు, ప్రవేశ పరీక్ష మార్కులే లెక్క. కాబట్టి ఆ 718 గురించి ఇక్కడ దిగులు అక్కర్లేదు. ఎన్‌ఐటీలకైతే (కేంద్ర ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలు) ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో, అంటే పై 20 శాతం మందిలో ఉండాలి. ఆ దారి వదిలేయండి.

అసలు చూసుకోవాల్సింది లోకల్ (స్థానిక కోటా) సంగతి. మామూలుగా చివరి నాలుగేళ్ళూ ఒకే చోట చదవాలి. మీవాడు 9, 10 ఇక్కడ, ఇంటర్ అక్కడ. అలాంటప్పుడు 6 నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ళలో ఎక్కువ ఏళ్ళు ఎక్కడ చదివాడో చూస్తారు. 6 నుంచి 10 దాకా ఇక్కడే అయితే ఐదేళ్ళు మనవే. ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్ పట్టుకెళ్ళండి. హెల్ప్‌లైన్ సెంటర్‌లో ఇచ్చే రశీదు మీద లోకల్ ఏరియా ఓయూ (ఉస్మానియా, అంటే తెలంగాణ) అని ఉందో లేదో చూసుకోకుండా బయటికి రాకండి. అక్కడ తప్పు పడితే ఎన్ని ఆప్షన్లు పెట్టినా వృథా.

మధిర అమ్మ
7వ తరగతి దాకా ఒక స్కూలు, తర్వాత ఇంకో స్కూలు. మొదటి స్కూలు మూసేశారు. ఇప్పుడెలా?

కౌన్సెలింగ్ కబుర్లు
ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి. మూతపడ్డ స్కూళ్ళ రికార్డుల సంగతి వాళ్ళకే తెలియాలి. రేపే వెళ్ళండి.

ట్రాన్స్‌ఫార్మర్
అందరూ సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) అనే పెడతారు, నాకు తెలుసు. సీఎస్ఎం (ఏఐ, మెషీన్ లెర్నింగ్), సీఎస్‌డీ (డేటా సైన్స్) అంటూ అదే కోర్సుకు కొత్త పేర్లు తగిలించి సీట్లు పెంచుకున్నారు. ల్యాబ్ అదే, చాలాచోట్ల పాఠం చెప్పేవాళ్ళూ వాళ్ళే. 22 వేల ర్యాంకుకు ఊరూ పేరూ లేని కాలేజీలో సీఎస్ఈ కంటే మంచి కాలేజీలో ఈఈఈ (ఎలక్ట్రికల్) మేలు. కోడింగ్ వాడికి ఎలాగూ వచ్చు.

నైట్ షిఫ్ట్ తమ్ముడు
ఖాతా పుస్తకాన్ని ప్రోగ్రాంగా మార్చిన పిల్లవాడిని మోటార్ల ల్యాబ్‌లో కూర్చోబెడతారా అన్నా? వాడికి ఏది ఇష్టమో వాణ్ణి అడగాలి. నేను చూడమనేది వేరే. జేఎన్‌టీయూహెచ్ (హైదరాబాద్ జేఎన్‌టీయూ) రెగ్యులేషన్లలో థియరీకి 40 మార్కులు ఇంటర్నల్, 60 ఫైనల్. ఆ 60కీ మళ్ళీ స్టెప్స్ రాయాల్సిందే. కాబట్టి అసైన్‌మెంట్లు, ల్యాబ్‌లు నిజంగా జరిపించే ఆటానమస్ (స్వయంప్రతిపత్తి ఉన్న) కాలేజీ ఇలాంటివాడికి నయం. సెకండియర్ పిల్లలను ఇద్దరిని పట్టుకుని ల్యాబ్ సాయంత్రం దాకా తెరిచి ఉంటుందా అని అడగండి.

కొత్తపేట నాన్న
ఆటానమస్ అంటే సొంత డిగ్రీ ఇస్తారు కదా, జేఎన్‌టీయూ పేరు ఉండదు. అది వద్దు.

కౌన్సెలింగ్ కబుర్లు
తప్పు. సిలబస్, పరీక్ష మాత్రమే సొంతం. డిగ్రీ యూనివర్సిటీదే. సొంత డిగ్రీ ఇచ్చేవి డీమ్డ్, ప్రైవేటు వర్సిటీలు.

కొత్తపేట నాన్న
ప్రైవేటు వర్సిటీలో కూడా కన్వీనర్ (ప్రభుత్వ కౌన్సెలింగ్) సీటు వస్తుంది, మా చెల్లెలి కొడుక్కి వచ్చింది.

కౌన్సెలింగ్ కబుర్లు
ఆంధ్రాలో. అక్కడ 35 శాతం కన్వీనర్ కోటా. ఇక్కడ లేదు.

కొత్తపేట నాన్న
అందరికీ ఒకే రూలు పెట్టకపోతే తల్లిదండ్రులు ఎలా చావాలి?

నైట్ షిఫ్ట్ తమ్ముడు
అక్కా, వాళ్ళ వాదన ఉండనివ్వండి. పోయినేడాది చివరి విడత లాస్ట్ ర్యాంకులు, అంటే ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటు ఇచ్చారో, కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. బీసీ-డి బాయ్స్ కాలమ్ చూడండి. 22 వేలకు కాస్త అటూ ఇటూ ఉన్నవి రాసుకోండి, పైన 15 వేలవి, కింద 40 వేలవి కూడా కలపండి. వరస మాత్రం ఇష్టాన్ని బట్టి పెట్టండి. వస్తుందనుకున్నది మొదట పెడితే దాని కింద పెట్టినవి ఇక రావు, సిస్టం పైనుంచి చూసుకుంటూ వచ్చి దొరికిన మొదటి సీటు ఇచ్చేస్తుంది. సీటు వచ్చాక ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు ఒప్పుకుంటున్నట్టు వెబ్‌సైట్‌లో నమోదు) చేయకపోతే రద్దవుతుంది.

డబ్బు లెక్క కూడా ముందే వేసుకోండి. బీసీలకు మామూలుగా 10 వేల లోపు ర్యాంకైతేనే పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్ (ప్రభుత్వమే ఫీజు కట్టడం). మీకు ఆదాయ పరిమితి వర్తించినా ఏడాదికి 35 వేలే వస్తుంది. ఫీజు లక్ష దాటిన కాలేజీలున్నాయి, మిగతాది మీరే కట్టాలి. తహసీల్దార్ దగ్గర ఆదాయ సర్టిఫికెట్ ఈ ఏడాదిది తీసుకోండి.

లెక్కల మాస్టారు
అబ్బాయికి ఒక మాట చెప్పమ్మా. రోజుకు ఒక్క లెక్క, తమ్ముడికి చెబుతున్నట్టు ప్రతి మెట్టూ రాయమను. తెలివి ఉంది, దాన్ని ఎదుటివాడికి చూపించడం అలవాటు కావాలి.

ట్రాన్స్‌ఫార్మర్
ఈఈఈ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కరెంటు సంస్థల్లో ఎలక్ట్రికల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పోస్టులకు ఆ డిగ్రీయే అడుగుతారు.

మధిర అమ్మ
మా ఆయన పొద్దున్నే ఎంఈఓ ఆఫీసుకు వెళ్ళారు. వాడు ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) కూడా పెడతానంటున్నాడు, ఎందుకో అడిగితే చెప్పడు. అందరికీ థ్యాంక్సండీ, లిస్టు రాసుకుంటున్నాం.

ట్రాన్స్‌ఫార్మర్
ఈసీఈ అయితే ఇంకా మంచిది. ఏయే కాలేజీలు రాసుకున్నారు?