ఏడో తరగతి లెక్కలు ముగ్గుపిండితో నేర్పుతున్నారు: నోటుపుస్తకం నిండకపోతే కలవరపడాలా?

ప్రశ్న: కోవూరు నుంచి ఒక తండ్రి

మా అమ్మాయి ఇక్కడి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఏడో తరగతి చదువుతోంది. నిరుటి వరకు లెక్కల పీరియడు ఉన్న రోజున కడుపునొప్పి తెచ్చుకునే పిల్ల, ఈ ఏడు కొత్తగా వచ్చిన టీచరుగారి పుణ్యమా అని బడికి అరగంట ముందే బయలుదేరుతోంది. వైశాల్యం పాఠానికి ఆవిడ పిల్లలను ఆవరణలోకి తీసుకువెళ్ళి, ముగ్గుపిండితో తొమ్మిది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు కొలిచి గీయించి, మన నెల్లూరు అంకణమంటే ఇదేనని, అందులో 72 చదరపు అడుగులు ఉన్నాయో లేవో గడులు గీసి లెక్కపెట్టమని చెప్పారట. ఆ సాయంత్రమే అమ్మాయి టేపు తీసుకుని మా ఇంటి స్థలం కొలిచింది. దస్తావేజులో 48 అడుగులకు 60 అడుగులు, అంటే 40 అంకణాలు అని ఉండగా, దాని కొలతలో అడ్డం 47న్నరే వచ్చి లెక్క 40కి చేరలేదు. (పక్కవారి ప్రహరీ సంగతి ఇక్కడ ఎత్తను.)

సంతోషమే. కానీ నెల గడిచినా నోటుపుస్తకంలో పది పేజీలు నిండలేదు. ఎనిమిదికి వెళ్ళాక వెనకబడుతుందేమో అని మా ఇంటావిడ దిగులు. టీచరుగారిని నొప్పించకుండా ఏమని అడగాలి?

జవాబు: పదవీ విరమణ చేసిన లెక్కల ఉపాధ్యాయుడు, నెల్లూరు

అయ్యా, పేజీలు లెక్కపెట్టకండి. ఆవరణలో చేసిన పని మర్నాడు కాగితం మీదికి వచ్చిందా అన్నది చూడండి, అడగవలసిందీ అదే. నేను సర్వీసులో చాలా భాగం సూత్రం వల్లె వేయించిన మనిషిని. పిల్లలు "పొడవు ఇంటూ వెడల్పు" అని గడగడా అప్పచెప్పేవారు, చుట్టుకొలత అడిగినా అదే గుణకారం చేసేవారు. చివరి ఏళ్ళలో గానీ చేతికి తాడు తీసుకోలేదు. తొమ్మిదికి ఎనిమిది, పన్నెండుకు ఆరు, రెండూ 72 చదరపు అడుగులే. అయితే మొదటిదాని చుట్టూ 34 అడుగుల తాడు సరిపోతుంది, రెండోదానికి 36 కావాలి. ఆ రెండడుగులు చాలక, ఇద్దరు పిల్లలు చెరో కొసా లాగుతూ "నువ్వు సరిగా పట్టుకోలేదు" అని పోట్లాడుకున్న తరగతిలో చుట్టుకొలతకూ వైశాల్యానికీ ఉన్న తేడా మళ్ళీ చెప్పవలసిన పని నాకు పడలేదు.

ఇంకొక మాట. తిరుపతి వైపు అంకణమంటే 36 చదరపు అడుగులే. అక్కడ స్థలం ఉన్న బంధువు ఎవరైనా ఉంటే, ఆయన 40 అంకణాలూ మీ 40 అంకణాలూ ఒకటేనా అని అమ్మాయిని అడిగి చూడండి. చదరపు మీటరు ఎందుకు అవసరపడిందో దానికదే చెబుతుంది.

జవాబు: సైన్సు ఉపాధ్యాయిని, మార్కాపురం ప్రాంతం

పెద్దలు చెప్పినదానికి ఒప్పుకుంటూనే, ఇందులోని ఇబ్బంది కూడా చెబుతాను. ఆగస్టు రెండో వారంలో మన రెండు జిల్లాలలోనూ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే రోజు ఒకటి ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండుంబావు ప్రాంతంలో నిలువు కర్రకు నీడ కనిపించదు. ఎండాకాలంలో వచ్చే అలాంటి రోజు సెలవుల పాలవుతుంది గనుక మాకు దక్కేది ఇదొక్కటే. నిరుడు కర్ర పాతి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టగానే మబ్బు కమ్మి గంటదాకా విడవలేదు. పీరియడు పోయింది, సిలబసు ఆ మేరకు వెనకబడింది. అందరికీ అవకాశం రావడమూ కష్టమే. టేపు ఎప్పుడూ చురుకైనవారి చేతిలోనే ఉంటుంది, మిగిలినవారు వారి అంకెలు ఎక్కించుకుంటారు. అందుకని నేను ముందుగా వెనక బెంచీకి ఇస్తాను.

రాళ్ళ పాఠానికి మా పలకరాయి ముక్కనూ చీమకుర్తి నల్లరాయి ముక్కనూ బల్లమీద పెట్టాను. మొదటిది బురద పేరుకుని, నొక్కుడుకూ వేడికీ మారిన రాయి. రెండోది భూగర్భంలో కరిగిన పదార్థం నెమ్మదిగా చల్లారి గట్టిపడినది. పలకరాయి పొరలుగా విడిపోతుందని చూపబోయి నేను ఉలిని అడ్డదిడ్డంగా కొడుతుంటే, పలకల కార్ఖానాలో పనిచేసేవారి అబ్బాయి, అప్పటిదాకా తరగతిలో నోరు విప్పనివాడు, లేచి వచ్చి "అట్టా కాదు మేడం, అంచు మీద పెట్టాల" అని ఒక్క దెబ్బతో రెండు చేశాడు. ఆ రోజునుంచి వాడు ప్రశ్నలు అడుగుతున్నాడు.

జవాబు: ఒక తల్లి, ఒంగోలు

మీరు అదృష్టవంతులు. మా అబ్బాయి చదివే చోట "ప్రాజెక్టు" అంటే స్టేషనరీ కొట్టులో కొన్న థర్మోకోల్ అగ్నిపర్వతం. వాడు చేసిన పనల్లా దానిమీద తన పేరు రాయడం. నోటుపుస్తకాలు మాత్రం నిండుగా ఉన్నాయి.

ప్రశ్న అడిగిన తండ్రి మళ్ళీ:

అందరికీ కృతజ్ఞతలు. శనివారం వెళ్ళి, నెల్లూరు పెద్దాయన చెప్పినట్టే అడిగాను. టీచరుగారు నొచ్చుకోలేదు, ఒక ఫైలు తీసి చూపించారు. ప్రతి పిల్లకూ కొన్ని విడి కాగితాలు ఉన్నాయి. కొలవకముందు వేసిన అంచనా ఒక వరుసలో, కొలిచాక వచ్చిన అంకె ఇంకో వరుసలో, తేడా ఎందుకు వచ్చిందో కింద రెండు వాక్యాలలో. అంచనా తప్పినచోట ఎర్ర సిరా లేదు. మా అమ్మాయి మొదటి కాగితంలో తరగతి గది 20 అంకణాలని వేసి, కొలిచాక 6 అని రాసుకుంది. నాలుగో కాగితానికి తేడా అర అంకణానికి వచ్చింది. నోటుపుస్తకం పలుచన అవడానికి కారణం ఈ ఫైలేనని అర్థమైంది.

నిన్న పక్కింటాయన వచ్చి, ఒకసారి ఆ టేపు ఇస్తావా అమ్మా అని దానినే అడిగారు.