అప్‌డేట్: ఉబుంటు మార్చాక ఆగిపోయిన ఓసీఆర్‌మైపీడీఎఫ్ మళ్ళీ నడుస్తోంది

హనుమకొండలో మా షాపులో పాత తెలుగు పుస్తకాల స్కాన్లను వెతకడానికి వీలయ్యే పీడీఎఫ్‌లుగా మార్చే ఈ కమాండ్, ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) 22.04 వెర్షన్ నుంచి 24.04కి వెళ్ళగానే 'మాడ్యూల్ దొరకలేదు' అంటోందని అడిగాను కదా. సమస్య తీరింది.

స్కాన్‌లోని అక్షరాలను గుర్తుపట్టే టెసరాక్ట్‌ది, దాని తెలుగు డేటాది ఏ తప్పూ లేదు. 'వెన్వ్ ఫోల్డర్ చూడండి' అని ఇక్కడ ఒకన్న చెప్పిన మాటే నిజం. వెన్వ్ అంటే ఒక పనికి కావాల్సిన పైథాన్ ప్యాకేజీలను సిస్టమ్‌తో కలవకుండా విడిగా పెట్టుకునే ఫోల్డర్; ఈ కమాండ్ పైథాన్ భాషలోనే నడుస్తుంది. 22.04లో ఉన్నది పైథాన్ 3.10, 24.04లో 3.12. నా వెన్వ్‌లోని పైథాన్ లింకు సిస్టమ్ పైథాన్‌కే వెళ్తుంది కాబట్టి అది తనంతట తానే 3.12 అయింది. ప్యాకేజీలు మాత్రం 3.10 పేరుతో ఉన్న ఫోల్డర్లోనే ఉండిపోయాయి. కొత్త పైథాన్ అక్కడ వెతకదు.

పాత వెన్వ్‌లో పిప్ (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) కూడా పనిచేయదు. అందుకే పాత వెన్వ్ తీసేసే ముందు, అందులో ప్యాకేజీలు ఉండే సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్‌లోని పేర్లు, వెర్షన్లు రాసిపెట్టుకోండి, ఇది చాలా ముఖ్యం. తర్వాత కొత్త వెన్వ్ చేసి అన్నీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాను.

సుడో (అడ్మిన్ అధికారం) పెట్టి సిస్టమ్‌లోనే పిప్ నడపమన్న సలహా మాత్రం నాకు నచ్చలేదు. 24.04 దాన్ని ఎలాగూ అడ్డుకుంటుంది, బలవంతం చేస్తే సిస్టమ్ టూల్సే దెబ్బతినొచ్చు.

సాయం చేసిన అందరికీ మస్తు థాంక్స్.