బీపీ-9కి జవాబు రాలేదు, నేరుగా కోర్టుకెళ్ళొచ్చా? (అమెరికా ఫెడరల్ జైలు)

నిలకడ:
మా బంధువు ఒకాయన ఫెడరల్ జైల్లో ఉన్నారు. మూర్ఛ మందు ఆపేశారని వార్డెన్‌కి బీపీ-9 (జైలు ఫిర్యాదు ఫారం) ఇచ్చారు. 20 రోజులు దాటినా ఉలుకూ పలుకూ లేదు. కావలసింది నష్టపరిహారం. గ్రీవెన్స్‌లో (జైల్లోనే నడిచే ఫిర్యాదు ప్రక్రియలో) ఎలాగూ డబ్బులివ్వరు కదా, దావా వేసేయొచ్చా?

కాయితాలపెట్టె:
ఇప్పుడే వేస్తే కొట్టేస్తారండీ. 1996 నాటి ప్రిజన్ లిటిగేషన్ రిఫార్మ్ యాక్ట్ ప్రకారం జైలు ఫిర్యాదు దశలన్నీ ముగిశాకే దావా. డబ్బిచ్చే అధికారం గ్రీవెన్స్ వాళ్ళకి లేకపోయినా అంతేనని 2001లో బూత్ వర్సెస్ చర్నర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

జవాబు రాకపోతే తిరస్కరించారనుకుని పై దశకి వెళ్ళాలి. ముందు రెండు సంగతులు చూడండి. 20 రోజుల లెక్క ఫారం చేతికిచ్చిన రోజు నుంచి కాదు, రికార్డులో నమోదైన రోజు నుంచి. వార్డెన్ మరో 20 రోజులు పొడిగించుకోవచ్చు, కానీ ఆ మాట రాతపూర్వకంగా చెప్పాలి. అలాంటి కాగితం రాకపోతే 20 రోజుల్లోపు జైళ్ళ శాఖ ప్రాంతీయ అధికారి అయిన రీజినల్ డైరెక్టర్‌కి బీపీ-10 అనే అప్పీలు ఫారం; జవాబుకి ఆయనకి 30 రోజులు. ఆపైన 30 రోజుల్లోపు జైళ్ళ శాఖ ప్రధాన న్యాయాధికారి అయిన జనరల్ కౌన్సెల్‌కి బీపీ-11. అక్కడ 40 రోజులు. అదీ తేలాకే పూర్తయినట్టు.

సవరణ:
మూర్ఛ మందంటే ప్రాణానికే ముప్పు. అత్యవసరమని ఫారంలోనే స్పష్టంగా రాస్తే 3 రోజుల్లో జవాబివ్వాలి.

ఎక్కువమంది దెబ్బతినేది ఫారం వెనక్కి వచ్చినప్పుడు. నకళ్ళు జతచేయలేదనో, అదనపు కాగితం ఒకటికి మించిందనో తిప్పి పంపుతారు. దాన్ని తుది తిరస్కరణ అనుకుని వదిలేస్తే కథ ముగిసినట్టే. ఇచ్చిన గడువులో సరిచేసి మళ్ళీ పంపాలి. 2006 వుడ్‌ఫర్డ్ వర్సెస్ ఎన్‌గో తీర్పు తర్వాత గడువు దాటిన ఫిర్యాదు లెక్కలోకి రాదు. బీపీ-9లో లేని విషయం బీపీ-10లో కొత్తగా పెట్టకూడదు. మందు గురించి రాసి, పైకెళ్ళాక సిబ్బంది బెదిరింపు కలిపితే ఆ రెండోదానికి వేరే బీపీ-9 కావాలి.

నిలకడ:
ఫారాలే ఇవ్వకపోతే? ఇంకోటి, త్వరలో విడుదలవుతారు. అప్పటిదాకా ఆగితే?

కాయితాలపెట్టె:
ఇవ్వకపోయినా, బెదిరించి ఆపినా ఆ మార్గం ‘అందుబాటులో’ లేనట్టేనని 2016 రాస్ వర్సెస్ బ్లేక్ చెప్పింది. ఏ తేదీన ఎవరిని అడిగారో, ఏమన్నారో ఆ రోజే రాసిపెట్టుకోమనండి. దశలు ముగియలేదని చూపాల్సింది ప్రతివాదులే (జోన్స్ వర్సెస్ బాక్, 2007). ఆ వివాదం అసలు కేసుతో ముడిపడి ఉంటే జ్యూరీ తేల్చాలని 2025లో పెర్టు వర్సెస్ రిచర్డ్స్‌లో వచ్చింది.

బయటికొచ్చాక వేసే దావాకి ఈ నిబంధన సాధారణంగా అడ్డురాదు. అలాగని బీపీ-10 ఆపొద్దు. విడుదల వాయిదా పడితే పోయిన గడువు తిరిగి రాదు.

సవరణ:
నిర్లక్ష్యానికి అమెరికా ప్రభుత్వం మీద పరిహారం కోరాలంటే ఎస్‌ఎఫ్-95 అనే పరిహారం క్లెయిమ్ ఫారం వేరుగా వేయాలి, బీపీ-9 దానికి చెల్లదు. 2 ఏళ్ళలోపు చేరాలి. ఎంత కావాలో డాలర్లలో కచ్చితమైన మొత్తం వేయాలి, ఆ గడి ఖాళీగా వదలొద్దు. 6 నెలల్లో తేల్చకపోతే తిరస్కరణగా తీసుకుని దావా వేయొచ్చు.