“ప్రాణము పెట్టు”: ఇక్కడ ‘ఇచ్చు’ అని ఎందుకు అనలేదు?

మొన్న సికింద్రాబాద్‌లో ఒక ప్రార్థన కూటంలో బైబిల్లోని యోహాను సువార్త 15:13 చదివారు: “తన స్నేహితులకొరకు తన ప్రాణము పెట్టువానికంటె ఎక్కువైన ప్రేమగలవాడెవడును లేడు.” పక్కనున్న ఇంటర్ పిల్లాడు ‘ప్రాణం పెట్టడం అంటే బాగా ఇష్టపడటమే కదా’ అన్నాడు. వాడు విన్నదల్లా ‘మనవడి మీద ప్రాణాలు పెట్టుకుంది’, ‘ప్రాణం పెట్టి పనిచేశాడు’ లాంటివే మరి. ఇక్కడ ‘ఇచ్చువాని’ అనకుండా ‘పెట్టువాని’ అని ఎందుకు వేశారంటారు?

— మూలంలో ఉన్నదే అది కాబట్టి అండీ. గ్రీకులో అక్కడి క్రియ ‘తిథేమి’, అంటే పెట్టు, ఉంచు. మన పాత అనువాదకులు ఉన్నదున్నట్టు దించారు. అసలు రుచి తెలియాలంటే అదే సువార్త 13వ అధ్యాయం చూడాలి. యేసు భోజనం మధ్యలో లేచి “తన పైవస్త్రము అవతల పెట్టివేసి”, తువాలు నడుముకు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడుగుతాడు. ఆ వస్త్రం పెట్టడానికీ, ప్రాణం పెట్టడానికీ యోహాను వాడింది ఒకే క్రియ. పవిత్ర గురువారం (ఈస్టర్‌కి ముందు గురువారం) మన గుళ్ళలో ఫాదర్ పై పూజవస్త్రం తీసి పక్కన పెట్టి, చెంబు, పళ్ళెం దగ్గర వంగుతారు చూడండి, ఆ ఘట్టమే ఇది. కడగడం అయ్యాక వస్త్రం మళ్ళీ తీసుకోవడానికీ, 10:18లో యేసు తన ప్రాణాన్ని “తిరిగి తీసికొనుటకు” కూడా గ్రీకులో ఒకే మాట. తెలుగులో వస్త్రం “వేసికొనిన” అయిపోయి ఆ జత కనపడదు. బట్ట వేసుకుంటాం గానీ తీసుకోం కదా, అనువాదకుల్ని ఏమీ అనలేం.

ఇంకోటి. అదే రాత్రి శిష్యుడు పేతురు యేసుతో “నీకొరకు నా ప్రాణము పెట్టుదును” అంటాడు. కాళ్ళు కడిగించుకోవడానికే మొదట ఒప్పుకోని మనిషి ఏకంగా ప్రాణం దాకా వెళ్ళిపోయాడు! కోడి కూసేలోపు యేసు ఎవరో తెలియదని మూడుసార్లు అన్నాడు.

— అన్నా, మా దిక్కు ‘పానం మంచిగ లేదు’ అంటే ఒంట్లో బాగాలేదని. పానం అంటే ఊపిరొక్కటే కాదు, మొత్తం మనిషి. గ్రీకుల ఎట్ల మరి?

— అక్కడా అంతే తమ్ముడూ. ‘ప్సుఖే’ అంటే ప్రాణం, ఆత్మ, తాను, అన్నీ. చావు ఒక్కటే అనుకుంటే సగమే అర్థమైనట్టు. యోహాను మొదటి పత్రిక 3:16 సహోదరుల కోసం ప్రాణం పెట్టమంటుంది. ఆ వెంటనే 17వ వచనం, చేతిలో ఉండి కూడా సహోదరుడి లేమి చూసి కనికరించనివాడి సంగతి ఎత్తుతుంది. సిలువ దగ్గర మొదలై బియ్యం డబ్బా దగ్గరికి వచ్చింది మాట. నాకైతే 17వ వచనమే ఎక్కువ కష్టం.

— బాగానే ఉంది గానీ, ఈ వచనమే చూపించి ఆడపిల్లల్ని ‘సర్దుకుపో అమ్మా, అదే క్రీస్తు ప్రేమ’ అంటారు. దానికేమంటారు?

— అక్కా, ఈసారి ఎవరైనా అలా అంటే 10:18 కూడా చదవమనండి: “ఎవడును నా ప్రాణము తీసికొనడు, నా అంతట నేనే దాని పెట్టుచున్నాను.” ఎదుటివాడు లాక్కోవడానికి అక్కడ గ్రీకులో వేరే క్రియ ఉంది. తెలుగులోనే లాక్కోవడమూ, తిరిగి తీసుకోవడమూ రెండూ ‘తీసికొను’ అయ్యాయి.